రక్తంలో తేట

“తేడా ఏమీ కనపడలేదమ్మా” అని డాక్టరమ్మ అన్న మాట ఒక్కటే నాగమల్లేశ్వరి చెవిలో ఉండిపోయింది. అంతకుముందు అన్నవీ, ఆ తర్వాత అన్నవీ గవర్నర్‌పేట నుంచి ఆటోలో వచ్చేటప్పుడే ఎక్కడో జారిపోయాయి. బెంజ్ సర్కిల్ దగ్గర ఉయ్యూరు బస్సెక్కింది, కిటికీ పక్కన సీటు దొరికింది, సంచి ఒళ్ళో పెట్టుకుంది, మోచేతి మడతలో దూది అతికించిన చోట బొటనవేలితో నొక్కుకుంటూ కూర్చుంది. ఏడుపు రావడం లేదు, కోపమూ రావడం లేదు. ఎవరికో జరిగింది ఇంకెవరో చెబుతుంటే పక్కన నిలబడి విన్నట్టుంది. కరోనా రోజుల్లో ప్లాస్మా ఇచ్చినవాళ్ళని మళ్ళీ పిలుస్తున్నాం, జబ్బుతో వచ్చిన యాంటీబాడీలు ఎంత మిగిలాయో, టీకాలు వేసుకున్నాక ఎంత పెరిగాయో చూస్తాం అని గవర్నర్‌పేట ఆస్పత్రి వాళ్ళు ఫోన్ చేస్తేనే వెళ్ళింది. పోయిన వారం రక్తం తీశారు, ఇవాళ ఫలితం చెప్పి ఇంకో గొట్టంలోకి తీశారు. డాక్టరు ఏంజెల్ అని బల్ల మీద పేరుంది, చిన్నపిల్ల, నిన్నగాక మొన్న చదువు అయినట్టుంది. “మీకు చాలా బాగున్నాయండీ, జబ్బూ టీకా రెండూ కలిసినవాళ్ళకి ఇలాగే ఎక్కువ ఉంటున్నాయి” అని నవ్వింది. ఆ నవ్వు చూసే అడిగింది తను, అడక్కపోయినా పోయేది, “అయితే అప్పట్లో నేనిచ్చింది ఆ అమ్మాయికి బాగా పనిచేసినట్టేగా అండీ?” అని. ఆ పిల్లకి అబద్ధం చెప్పడం చేతకానట్టుంది. పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీసి, “అప్పుడు మాకూ తెలియదమ్మా. తర్వాత వేలమంది మీద చూశారు. ప్లాస్మా ఎక్కించుకున్నవాళ్ళూ, ఎక్కించుకోనివాళ్ళూ ఒకలాగే కోలుకున్నారు, ఒకలాగే పోయారు. తేడా ఏమీ కనపడలేదమ్మా. అందుకే ఆపేశారు” అంది. “మరి మా అమ్మాయి బతికిందిగా?” అంటే, “ఎక్కించకపోయినా బతికేదేమోనమ్మా. అలాగే అనుకోవాలి” అంది. మా అమ్మాయి అని ఎందుకు అన్నాను, అనుకుంది నాగమల్లేశ్వరి. పటమట దాటాక బస్సు ఒక్క కుదుపు కుదిపి నిలబడింది. ఎవరో కొబ్బరి మొక్కలు ఎక్కిస్తున్నారు. కండక్టరు వద్దంటున్నాడు, మొక్కలాయన కాళ్ళ దగ్గర పెట్టుకుంటానంటున్నాడు.

అసలు ఆ రోజు ఇవ్వాల్సింది తను కాదు, మొగుడు కొండలయ్య. కొల్లేరు నుంచి విజయవాడ మార్కెట్టుకి చేపల వ్యాను నడిపే మొగుడికీ, మార్కెట్లో కూర్చుని అమ్మే తనకీ, ఇంట్లో ఉండే అత్త దానమ్మకీ ఉగాది ముందు ఒకేసారి వచ్చిపోయింది కరోనా. ముగ్గురూ ఒకే గదిలో పడుకుని, ఒకళ్ళ దగ్గు ఒకళ్ళు వింటూ, ఎలాగో లేచారు. ఆ తర్వాతే ఊళ్ళో అసలు గోల మొదలైంది. కోలుకున్నవాళ్ళ పేర్లూ, రక్తం గ్రూపులూ ఎవరెవరో ఫోన్లలో పెట్టుకున్నారు. ఎక్కడి నుంచి అందిందో, హర్షవర్ధన్ అని ఒకబ్బాయి కొండలయ్యకి ఫోన్ చేశాడు. ఉయ్యూరు దగ్గర రైతుల బిడ్డ, పెళ్ళాం ఆరో నెల గర్భిణి, ఆక్సిజన్ మీద ఉంది. “మీది బి పాజిటివ్ అన్నారండీ, మీ కాళ్ళు పట్టుకుంటానండీ” అన్నాడంట. కొండలయ్య మెతక మనిషి, కాళ్ళ మాట విన్నాక ఇంక ఆగలేడు. ఒక్కణ్ణే పంపడం ఇష్టం లేక తనూ వెనకాల వెళ్ళింది. తీరా చూస్తే అతనికి షుగరు, పనికిరాదన్నారు. వ్యాను తాళం చేత్తో తిప్పుకుంటూ, ఏదో తప్పు చేసినవాడిలా నిలబడ్డాడు. అప్పుడు రక్తం తీసేతను తన వైపు చూశాడు. “మీకూ వచ్చి తగ్గిందా? మీదే గ్రూపు?” తనదీ అదే. “పిల్లలెంతమందమ్మా?” లేరండీ. “పోనీ, కడుపు వచ్చి పోవడం లాంటివి…” అసలు రాలేదండీ, ఎప్పుడూ. ఆ మాటకి అతను “హమ్మయ్య” అన్నాడు. నిజంగానే అన్నాడు, మాస్కు వెనక నుంచి గట్టిగా. “అయితే మీరు పనికొస్తారమ్మా. గర్భం వచ్చిన ఆడవాళ్ళ రక్తంలో వేరే రకం యాంటీబాడీలు ఉండొచ్చు, ఎక్కించుకున్నవాళ్ళ ఊపిరితిత్తులకి ప్రమాదం. అందుకని వాళ్ళవి తీసుకోం. రండి, రండి.”

పనికొస్తారు. ఎన్ని గదుల్లో, ఎన్ని బల్లల ముందు అదే ప్రశ్నకి అదే జవాబు చెప్పింది పెళ్ళయినప్పట్నుంచీ. జవాబు విన్న మొహాలన్నీ ఒకేలా ఉండేవి, కాస్త కిందకి వాలేవి. ఎవరైనా శ్రీమంతానికి పిలిస్తే వెళ్ళి వెనక వరసలో నిలబడేది, పసుపు కుంకాల పళ్ళెం తన దాకా వచ్చేసరికి ఎవరో ఒకళ్ళు పక్కకి తిప్పేవాళ్ళు, పెద్ద గొడవేం చేసేవాళ్ళు కాదు, అలా తిప్పేసేవాళ్ళంతే. దానమ్మ తిట్టేది కూడా కాదు. చేప కోస్తుంటే కడుపులో జన, అదే గుడ్ల గుత్తి, కనపడిందంటే చాలు, అది చేతిలోకి తీసుకుని, “దీనికి కూడా ఇచ్చాడు చూడవే దేవుడు” అనేది. నిజానికి ఆ మాట అనేటప్పుడు ఆవిడ గొంతులో పెద్ద కోపం ఉండేది కాదు, వాన రాలేదు అన్నట్టు అనేది. అదే బాధగా ఉండేది. పోరంకిలో బడిపిల్లలు ఎక్కారు, ఒక పిల్ల బరువైన సంచి తీసి అడక్కుండానే నాగమల్లేశ్వరి ఒళ్ళో పెట్టింది. పట్టుకుంది. సంచిలోంచి పచ్చడి వాసన, మూత సరిగ్గా పెట్టనట్టుంది. ఆ బరువు తొడల మీద బాగానే ఉంది.

ఆ కుర్చీ కూడా మెత్తగా ఉండేది, కాళ్ళు చాపుకునేలా. పక్కన మిషను తిరుగుతూ ఉంటే రక్తం గొట్టంలో పోతున్నది కనపడేది, ముదురు ఎరుపు. ఎర్రటిదంతా వెనక్కిచ్చేస్తాం, పైన తేట మాత్రం ఉంచుకుంటాం, అదే ప్లాస్మా అన్నాడతను. వెనక్కొచ్చే రక్తం చల్లగా ఉంది, చేతి లోపల చన్నీళ్ళు పోసినట్టు భుజం దాకా పాకింది. పెదాలు చిమచిమలాడాయి. సంచిలో చేరుతున్న తేట గంజి మీద తేరిన నీళ్ళలా, కాస్త పసుపుగా ఉంది, ఇంత లేతగా ఉందేంటి ఇదేం బలం ఇస్తుంది ఒక మనిషికి అనిపించింది అప్పుడే. హర్షవర్ధన్ తలుపు దాకా వచ్చి నిలబడ్డాడు. కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. దగ్గరికి రానివ్వలేదు వాళ్ళు, అక్కణ్ణించే అన్నాడు, “పొద్దున సీఆర్పీ కాస్త తగ్గిందన్నారండీ. నిన్న నూట ఎనభై, ఇవాళ నూట పది. కానీ డీ-డైమర్ పెరిగింది, రక్తం గడ్డ కడుతుందేమోనని సూదులేస్తున్నారు. నాకేం అర్థం కావట్లేదండీ.” సీఆర్పీ అంటే ఏంటి బాబూ అంటే, ఒంట్లో మంట ఎంతుందో చెప్పే లెక్కంట అన్నాడు. చేప తాజాదో కాదో మొప్ప చూసినట్టన్నమాట అనుకుంది తను. నూట ఎనభై, నూట పది. ఇన్నాళ్ళూ ఆ అంకెలు గుర్తున్నట్టే తెలియదు, ఇప్పుడు ఈ బస్సులో, పెనమలూరు దగ్గర కాలవ నీళ్ళ మీద ఎండ మెరుస్తుంటే, ఉన్నట్టుండి పైకొచ్చాయి. తగ్గింది ఆ పొద్దున. తను కుర్చీలో కూర్చుంది మధ్యాహ్నం. సంచి ఇంకా సగం కూడా నిండలేదు. అప్పటికే ఆ అమ్మాయి ఒంట్లో మంట దిగడం మొదలైంది. ఇంత సూటిగా ఉన్న సంగతి అతనికి తట్టలేదు, తనకి తట్టలేదు. భయంలో ఉన్నవాళ్ళకి తట్టదేమో. సంతోషంలో ఉన్నవాళ్ళకీ తట్టదు.

అతని పెళ్ళాం సుస్మిత బతికింది. శ్రావణమాసంలో ఆడపిల్ల పుట్టింది, చిన్ని అని పిలుస్తారు. పురుడు అయ్యాక మార్కెట్టు వెనక సందులోకి కారు వచ్చి ఆగింది, హర్షవర్ధన్ దిగి, అందరి ముందూ తన కాళ్ళకి దండం పెట్టబోయాడు. దానమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. ఆ రోజు రాత్రి అన్నాలప్పుడు, ఎప్పుడూ కొడుక్కి వేసే చేప తలకాయ కోడలి పళ్ళెంలో వేసింది, ఏమీ అనకుండా, అటు తిరిగి. ఆ తర్వాత వీధిలో ఎవరు కనపడినా, “మా మల్లి రక్తంతో ఇద్దరు బతికారు, తల్లీ బిడ్డా” అని చెప్పుకుంటుంది. శ్రీమంతాలకి ఇప్పుడు తనని ముందు పిలుస్తున్నారు, మంచి చెయ్యి అంటున్నారు. పళ్ళెం పక్కకి తిరగడం లేదు. మనుషులు చెడ్డవాళ్ళు కాదు, ఏదో ఒకటి పట్టుకుని నడుస్తారు, అంతే, అనుకుంది నాగమల్లేశ్వరి, ఎదురుగా వస్తున్న లారీ అద్దంలో తన బస్సు ఒక్క క్షణం కనపడి పోతుంటే. ఉయ్యూరులో వాళ్ళింటికి నెలకోసారైనా రమ్మంటారు. వెళ్తే కుర్చీ వేస్తారు, బొట్టు పెడతారు, పిల్లని తెచ్చి ఒళ్ళో కూర్చోబెడతారు. ఆ పిల్ల మెడ దగ్గర పాల వాసన వేస్తుంది. నోట్లో వేలు పెట్టుకుని, ఆ తడి వేలితోనే తన ముక్కుపుడక పట్టుకుని లాగుతుంది. తనని “మయ్యీ” అంటుంది, మల్లీ అనడం రాక.

కానీ సుస్మిత. కామర్స్ లెక్చరరు, విజయవాడలో కాలేజీ, తరగతి గదిలో నిలబడితే వెనక బెంచీ వాడు కూడా నోరు మూసుకునేవాడంట, హర్ష చెప్పాడు. ఇప్పుడు ఉయ్యూరు దాటి రాదు. ఎక్కడికెళ్ళినా మాస్కు. నెలనెలా రక్తం తీయించుకుంటుంది, సీఆర్పీ, డీ-డైమర్, ఫెరిటిన్, ఇంకా ఏవేవో, అన్నీ సరిగ్గానే ఉన్నాయని రాసిచ్చినా ఆ కాగితాలకి ఫోటోలు తీసి తనకి పంపుతుంది, “చూడండక్కా, ఫెరిటిన్ కొంచెం పెరిగింది కదూ” అని. తనకి ఇంగ్లీషు రాదు, తేడా ఉన్న అంకెలు లావుగా అచ్చేస్తారు, అవి లేకపోతే బాగున్నట్టే అని మాత్రం తెలుసు. టీకా మొదటి డోసుకి నాగమల్లేశ్వరి చెయ్యి పట్టుకుని కూర్చుంది, ఆ రాత్రి జ్వరం వస్తే ఆస్పత్రికి పరిగెత్తి ఉన్న పరీక్షలన్నీ చేయించుకుంది, రెండోది ఇంకా వేయించుకోలేదు. ఒకసారి వంటింట్లో, పిల్ల నిద్రపోయాక, గొంతు తగ్గించి అంది. “మీరిచ్చిన యాంటీబాడీలు కొన్ని వారాలే ఉంటాయని చదివానక్కా. తెలుసు నాకు. కానీ నా ప్రాణం అక్కడ ఆగిపోయి, మీ దాంతో మళ్ళీ మొదలైనట్టుంటుంది. నాది కాని దాంతో నడుస్తున్నట్టు. ఎప్పుడు అయిపోతుందో తెలియదు.” అందుకే ఈ పరీక్ష గురించి వినగానే పట్టుకుంది, “ఎన్నున్నాయో కనుక్కోండక్కా. మీకుంటే నాకూ ఉన్నట్టే.” చిన్ని గేటు కమ్మీల్లోంచి చేతులు బయటపెట్టి, రోడ్డు మీద ఆడుకునే పిల్లల్ని చూస్తూ నిలబడుతుంది. ఆటలకి బయటికి పంపరు. జూన్‌లో చేరకపోతే ఇంకొకళ్ళని తీసుకుంటామన్నారంట కాలేజీ వాళ్ళు. “ఇంకో ఏడాది ఆగుతా” అంటుంది సుస్మిత. పోయిన ఏడాదీ ఆ మాటే.

కంకిపాడులో బస్సు సగం ఖాళీ అయింది. ఒళ్ళో సంచి పెట్టిన పిల్ల “థాంక్సండీ” అని తీసుకుపోయింది. ఫోను మోగింది.

“బయల్దేరారా అక్కా?”

“కంకిపాడు వచ్చాను.”

“ఎంతొచ్చాయి?”

“వచ్చాక చెప్తాలే. బస్సు గోల, వినపడట్లా.”

“బాగానే ఉన్నాయా, అది చెప్పండి చాలు.”

“వచ్చాక చెప్తానమ్మా” అని పెట్టేసింది. బస్సులో పెద్ద గోలేం లేదు. చాలా ఎక్కువున్నాయంట అని ఒక్క ముక్క అనేస్తే సరిపోయేది, అది అబద్ధం కూడా కాదు, డాక్టరమ్మ అన్న మాటే. ఆ అమ్మాయి హమ్మయ్య అనుకుంటుంది, కుర్చీ వేస్తుంది, పిల్లని ఒళ్ళో పెడుతుంది. ఎవరికీ ఏమీ పోదు. తనకి తెలిసిన సంగతి తన దగ్గరే ఉంటుంది, మార్కెట్లో ఐసు కింద పెట్టిన చేపలా, ఎన్నాళ్ళున్నా పైకి తెలియదు. కానీ ఐసు కరుగుతుంది కదా అనిపించింది, మళ్ళీ అదేం పోలిక అనిపించింది. చెబితే ఏమవుతుంది. దానమ్మ నోరు మూతపడుతుంది. తలకాయ ముక్క వెనకటిలాగా కొడుకు పళ్ళెంలోకి పోతుంది, పోనీ, అందులో ముళ్ళే ఎక్కువ. ఉయ్యూరు వాళ్ళు మర్యాదస్తులు, వెంటనే ఏమీ అనరు. నెలకోసారి రమ్మనేది రెండు నెలలకోసారి అవుతుంది, తర్వాత పండక్కి, ఆ తర్వాత ఫోన్లో. తను చేపలమ్ముకునే మనిషి, వాళ్ళకి ఏమవుతుంది, చుట్టాల వరసా కాదు, ఊరూ కాదు, కులమూ కాదు. ఒక్క సంచెడు తేట. అది తీసేస్తే మధ్యలో ఏముంది? ముక్కుపుడక లాగే చిన్న వేళ్ళు. వాటికి తేట సంగతి తెలియదు. ఇవన్నీ తను లెక్కేసుకుంటోంది, పొద్దున్నే సరుకు వేరు చేసినట్టు ఒక్కొక్కటీ తీసి అటో ఇటో పెడుతోంది. అన్నీ పెట్టాక చివరికి మిగిలింది గేటు కమ్మీలు పట్టుకున్న పిల్ల, లోపల నెలనెలా చెయ్యి చాపి రక్తం తీయించుకునే తల్లి. ఆ అమ్మాయి తన ప్రాణాన్ని ఇంకొకళ్ళ సొమ్ము అనుకుంటోంది. అది మాత్రం ఎటూ పెట్టలేకపోయింది.

ఉయ్యూరు దగ్గరపడుతుంటే చక్కెర ఫ్యాక్టరీ వాసన బస్సులోకి వచ్చేసింది, మాగిన బెల్లం వాసన. చెరుకు ట్రాక్టర్లు వరసగా రోడ్డు పక్కన ఆగి ఉన్నాయి. సెంటర్లో దిగేసరికి సుస్మిత స్కూటీ మీద ఉంది, ముందు చిన్ని నిలబడి ఉంది, తల్లికీ పిల్లకీ మాస్కులు. పిల్ల దాన్ని గడ్డం కిందకి లాగేసుకుని “మయ్యీ” అని కేకేసింది.

“ఎంతొచ్చాయక్కా?”

“ఎక్కువే ఉన్నాయంట. బండి ఆపు సుస్మితా. స్టాండు వెయ్యి, ఒక మాట చెప్పాలి.”

సుస్మిత మొహం మారిపోయింది. బండి పక్కకి తీసి, పిల్లని ఎత్తుకుని, మూసి ఉన్న కొట్టు అరుగు మీద కూర్చుంది. నాగమల్లేశ్వరి నిలబడే చెప్పింది. కూర్చుంటే చెప్పలేనేమో అనిపించింది.

“ఆ రోజు నేనిచ్చింది నీకేం పని చెయ్యలేదంటమ్మా. ఎక్కించుకున్నవాళ్ళకీ, ఎక్కించుకోనివాళ్ళకీ తేడా ఏం లేదంట. డాక్టరమ్మే చెప్పింది.”

“అదెట్టా? నేను బతికాగా.”

“బతికావు. నేను చెప్పేదీ అదే. నా రక్తం నీ దగ్గరికి రాకముందే నీకు తగ్గటం మొదలైంది. సీఆర్పీ నూట ఎనభై ఉన్నది ఆ పొద్దున నూట పదికి వచ్చిందని మీ ఆయనే చెప్పాడు, తలుపు దగ్గర నుంచుని. నేనప్పటికి ఇంకా కుర్చీలోనే ఉన్నా. అడుగు అతన్ని, కావాలంటే.”

సుస్మిత లెక్కల మనిషి, లోపల ఏదో కూడుకుంటున్నట్టు, తీసేసుకుంటున్నట్టు చూపు ఒకచోట నిలిపింది. ఒక ట్రాక్టరు కదిలింది, రెండు చెరుకు గడలు జారి రోడ్డు మీద పడ్డాయి, చిన్ని వాటిని చూపించి ఏదో అంది.

“అంటే అదంతా…” అంది సుస్మిత చివరికి.

“నీ ఒళ్ళే చేసుకుందమ్మా. నాదేం లేదందులో.”

సుస్మిత కళ్ళలో నీళ్ళు మాస్కు లోపలికి దిగిపోయాయి. దిగిపోయాక కోపం వచ్చింది. “ఎందుకు చెప్పారక్కా ఇప్పుడు? చెప్పకపోతే ఎవరికి తెలిసేది? హాయిగానే ఉన్నాంగా.”

“నువ్వెక్కడ హాయిగా ఉన్నావే?” అంది నాగమల్లేశ్వరి. అలా గట్టిగా ఆ అమ్మాయిని ఎప్పుడూ అనలేదు. అన్నాక తనకే వింతగా ఉంది. “నెల తిరిగేసరికి చెయ్యి చాపి సూది పొడిపించుకుంటావు. పిల్లని ఆటకి గేటు దాటనివ్వవు. ఎవరో ఇచ్చింది అయిపోద్దని కూర్చున్నావు. ఎవరూ ఏమీ ఇవ్వలా నీకు, అయిపోటానికి.”

సుస్మిత మాస్కు కిందకి లాగి ముక్కు తుడుచుకుంది. “కాలేజీకి వెళ్తే, మళ్ళీ ఏమన్నా అయితే?”

“అయితే అప్పుడు చూసుకుందాం. ఇంట్లో కూర్చుంటే మాత్రం ఏమీ కాదా?”

సుస్మిత తల ఊపింది, ఒప్పుకున్నట్టు కాదు, విన్నట్టు. పిల్లని దింపింది. చిన్ని నేరుగా రోడ్డు మీద పడ్డ చెరుకు గడ వైపు నడిచింది. సుస్మిత చెయ్యి ముందుకు చాపి, ఆపి, “జాగ్రత్త” అని మాత్రం అంది. కొంచెంసేపయ్యాక, అటే చూస్తూ అడిగింది.

“ఇంక మీరు మా ఇంటికి రారా?”

“నువ్వు పిలిస్తే వస్తా.”

“పిలవకపోతే?”

రోడ్డుకి అవతల విజయవాడ బస్సు నిండుతోంది. దిగేటప్పుడే దాన్ని చూసి పెట్టుకుంది నాగమల్లేశ్వరి, చెప్పాల్సింది చెప్పేశాక ఎక్కి వెళ్ళిపోవచ్చని. పిలవని ఇంటికి ఎప్పుడూ వెళ్ళలేదు తను. ఎవరి గుమ్మంలోనైనా ముందు మొహాలు చూసి, ఆ తర్వాత కాలు లోపల పెట్టేది. ఇప్పుడు సుస్మిత మొహంలోకి చూడబోయి, మానేసింది.

“పిలవకపోయినా వస్తా” అంది.

అన్నది తనేనా అనిపించింది, కానీ గొంతు తనదే. బస్సు హారన్ కొట్టి కదిలింది. చిన్ని తనకంటే పొడవున్న గడని ఒక కొస పట్టుకుని ఈడ్చుకొస్తోంది. సుస్మిత లేచి, పిల్లని ముందు నిలబెట్టి, గడని కాళ్ళ మధ్య అడ్డంగా ఇరికించి, బండి స్టార్టు చేసింది. వెనక ఎక్కి కూర్చున్నాక, దానమ్మకి కూడా ఇవాళే చెప్పాలి అనుకుంది నాగమల్లేశ్వరి.

“గట్టిగా పట్టుకోండక్కా” అంది సుస్మిత తల తిప్పకుండా. “ముగ్గురితో నాకు అలవాటు లేదు.”

బండి అటూ ఇటూ ఊగి, ట్రాక్టర్ల పక్క నుంచి దారి చేసుకుని పోయింది.